ఇసుక గ్రహం దగ్గర ఆగిపోయిన పాఠకునికి

గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. ‘డ్యూన్’ అనే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవల గొప్పదని అందరూ అంటుంటే కొన్నానని, ఎనభై పేజీలు చదివి పక్కన పెట్టేశానని, లోపం తనదో పుస్తకానిదో చెప్పమని ఆయన అడిగారు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు ఏ వరుసలో చదివితే మంచిదని, తెలుగులో ఇలాంటివి అసలు లేవని స్నేహితులు అంటున్న మాట నిజమేనా అని కూడా అడిగారు. విజయవాడలో నలభై ఏళ్లుగా ఈ రకం పుస్తకాలే వెతుక్కుని చదువుతున్నవాణ్ణి కనుక నాకు తోచినది కాస్త వివరంగానే రాస్తాను. అభిమానికి ఉండే పక్షపాతాలు ఇందులో ఉంటాయి, వాటిని దాచే ప్రయత్నం చేయను.

లోపం చాలావరకు పుస్తకానిదే. ఫ్రాంక్ హెర్బర్ట్ ఈ నవలను 1963 నుంచి 1965 వరకు ‘అనలాగ్’ అనే పత్రికలో ధారావాహికంగా రాశాడు. పుస్తకంగా వేయడానికి ఇరవై మంది దాకా ప్రచురణకర్తలు నిరాకరించిన తరువాత, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడ్డ చిల్టన్ అనే సంస్థ 1965లో అచ్చు వేసింది. వాళ్లందరూ ఎందుకు వద్దన్నారో మొదటి వంద పేజీలు చదివినవారికి తేలికగానే అర్థమవుతుంది. రచయిత ఎవరినీ పరిచయం చేయకుండానే రాజవంశాలను, మతాలను, బిరుదులను, నోరు తిరగని మాటలను మన మీద కుమ్మరిస్తాడు. తెలియని పెళ్లివారింట్లో విస్తరి ముందు కూర్చుని, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక బిత్తరచూపులు చూస్తున్నట్టుగా ఉంటుంది.

నేను మొదట చదివిన ప్రతి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మేవారి దగ్గర కొన్నది. అట్ట లేదు. కథ పూర్తిగానే ఉంది గాని దాని తరువాతి పేజీలు చిరిగిపోయాయి. ఆ చిరిగిపోయిన పేజీలలోనే పదకోశం ఉండేదని, కొత్త మాటలన్నిటికీ అక్కడ అర్థాలు ఇచ్చారని, పదేళ్ల తరువాత జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో కొత్త ప్రతి తిరగేస్తున్నప్పుడు గాని నాకు తెలియలేదు. అప్పటికి నా అంతట నేనే అర్థాలు ఊహించుకుంటూ నవలను రెండుసార్లు పూర్తి చేశాను. అలా ఊహించుకున్నవాటిలో సగం తప్పులని తేలింది. అయినా రెండోసారి చదవబుద్ధి అయిందంటే దానికి కారణం నీళ్లు.

మీరు ఆపిన చోటు నుంచి మరికొంత ముందుకు వెళ్లి ఉంటే ఆ నీళ్ల సంగతి మీకూ తగిలేది. అరాకిస్ అనే ఆ గ్రహంలో వాన పడదు. పాలకుని భవనంలో విందు జరిగేటప్పుడు గుమ్మం దగ్గర నీళ్ల పళ్లాలు పెట్టే ఆచారం ఒకటి అక్కడ ఉంటుంది. వచ్చిన ప్రతి అతిథి పళ్లెంలో చేతులు ముంచి, నీళ్లు నేల మీద ఒలకబోసి, తువాలుతో తుడుచుకుని దాన్ని అక్కడే పడేసి లోపలికి పోతాడు. విందు ముగిశాక ఆ తువాళ్లను పిండితే వచ్చే నీటి కోసం బిచ్చగాళ్లు బయట కాచుకుని ఉంటారు. కొత్త పాలకునిగా వచ్చిన డ్యూక్ ఆ ఆచారాన్ని మాన్పిస్తాడు. దానికి ముందే మరొక ఘట్టం ఉంది. ఎడారి తెగ నాయకుడొకడు డ్యూక్ ఎదుట, నున్నగా మెరిసే బల్ల మీద ఉమ్ముతాడు. అవమానమనుకుని చుట్టూ ఉన్నవాళ్లు మీదికి రాబోతుండగా, ఆ తెగ మర్యాదలు తెలిసిన ఒక్కడు అడ్డుపడి, ఒంటిలోని తేమను కానుకగా ఇచ్చినందుకు కృతజ్ఞత చెబుతాడు. ఒక్క ఉమ్ముతో రచయిత ఆ గ్రహపు వాతావరణాన్ని, ఆర్థిక వ్యవస్థను, మర్యాదను మన కళ్ల ముందు పెట్టాడు. అంతకుముందు పేజీల కొద్దీ చెప్పిన రాజకీయమంతా నాకు అక్కడ వచ్చి అతుక్కుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు మా చెల్లెలు వాళ్లు మేడ మీద రెండు రోజులు ఉండిపోయారు. చుట్టూ నీళ్లే. పడవ వస్తే అందరూ చేతులు చాచి అడిగింది తాగే నీటి సీసాల కోసం. ఆ సంగతి ఆమె చెబుతుంటే నాకు తువాళ్లు పిండించుకునే బిచ్చగాళ్లు గుర్తుకు వచ్చారు. చోటు చాలక నేను వాళ్లింట్లో దాచిన రెండు పెట్టెల పుస్తకాలు ఆ వరదలోనే పోయాయి. వాటిలో ఆ అట్ట లేని డ్యూన్ కూడా ఉంది. ఉబ్బి ఇటుకలాగా అయింది. ఎండబెట్టినా పేజీలు విడిపోలేదు.

ఈ రకం నవలలను నేను ఏ కొలతతో చూస్తానో ఇప్పుడు చెప్పవచ్చు. రచయిత పాఠకుణ్ణి ఒక్క అబద్ధం నమ్మమని అడగవచ్చు, అది ఎంత పెద్దదైనా పరవాలేదు. ఆ అప్పు పుచ్చుకున్న తరువాత మిగిలిన కథలో వడ్డీతో సహా నిజం చెప్పి తీర్చాలి. వాన పడని గ్రహం ఉందని నమ్మాక, అక్కడి మనిషి ఉమ్మును, చెమటను, కన్నీటిని ఎలా చూస్తాడో నిజాయితీగా లెక్క కట్టి చూపాలి. అలా చూపలేక, చిక్కు వచ్చిన ప్రతిచోటా మరొక కొత్త అబద్ధం తెచ్చి అతికించే రచయితకు నేను రెండోసారి అప్పు ఇవ్వను. డ్యూన్‌కు కూడా ఈ లెక్కలో పూర్తి మార్కులు పడవు. కథానాయకునికి భవిష్యత్తు కనిపించడం మొదలైన తరువాత ఉత్కంఠ సన్నగిల్లుతుంది, చివరి భాగం తొందరగా చుట్టేసినట్టు ఉంటుంది. (ఈ కథలో ఒక మసాలా దినుసు కోసం గ్రహాల మధ్య యుద్ధాలు జరగడం మాత్రం గుంటూరువారికి వింతగా తోచకూడదు.) రెండవ నవల 1969లో వచ్చిన ‘డ్యూన్ మెసయ్య’ వరకు చదివితే చాలునని, ఆ తరువాతవి మోజు తీరనివారికేనని నా అభిప్రాయం.

మీరు మొదలుపెట్టవలసిన పుస్తకం 1968లో ఉర్సులా లెగ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. రెండు వందల పేజీలకు అటూ ఇటూగా ఉంటుంది, ఇంగ్లీషు తేటగా ఉంటుంది, ఒక్క పేజీ కూడా వృథా కాదు. అందులోని అబద్ధం ఇది: ప్రతి వస్తువుకు, ప్రతి ప్రాణికి ఒక అసలు పేరు ఉంటుంది, ఆ పేరు తెలిసినవారికి ఆ వస్తువు మీద అధికారం వస్తుంది. కథానాయకునికి చిన్నప్పుడు డ్యూనీ అని ఒక పేరు, లోకం పిలిచేందుకు స్పారోహాక్ అని మరొక పేరు, ప్రాణంతో సమానంగా నమ్మినవారికి తప్ప ఎవరికీ చెప్పకూడని గెడ్ అనే అసలు పేరు. ఇంగ్లీషు పాఠకులకు ఇది వింత ఊహ అయి ఉండవచ్చు గాని మనకు అంత దూరపుది కాదు. మన ఇళ్లలో నక్షత్రాన్ని బట్టి పెట్టిన పేరు ఒకటి, బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద రాసిన పేరు ఒకటి, ఇంట్లో పిలుచుకునే పేరు ఒకటి, రేషన్ కార్డులో పడిన పేరు ఇంకొకటి. మా నాయనమ్మ తాతయ్య పేరును జన్మలో నోటితో అనలేదు. అదే పేరున్న పాలవాణ్ణి కూడా ‘ఆయన పేరువాడు’ అనే పిలిచేది. పేరులో ఏదో శక్తి ఉందన్న భయం ఆమె చేత అలా అనిపించేది. లెగ్విన్ ఆ భయాన్ని పట్టుకుని ఒక ప్రపంచమే కట్టింది.

దానికి ఆమె పెట్టిన వెల కూడా చూడండి. మాంత్రికుల బడిలో గురువు గులకరాయిని వజ్రంలా కనిపించేలా చేస్తాడు. నిజంగానే వజ్రంగా మార్చడం ఎలాగని పిల్లవాడు అడిగితే, అలా మార్చాలంటే ఆ రాయి అసలు పేరునే మార్చాలని, ఎంత చిన్న వస్తువును మార్చినా లోకం మారుతుందని, తరువాత ఏ మంచి ఏ చెడు వస్తుందో తెలిసేవరకు రాయిని, ఇసుక రేణువును కూడా కదపకూడదని గురువు అంటాడు. గొప్ప కోసం ఆ హద్దు దాటినందుకు గెడ్ ఏం చెల్లించాడన్నదే మిగిలిన నవల. మరొక సంగతి. గెడ్ ఒంటి రంగు ఎరుపు కలిసిన గోధుమ రంగని, అతని మిత్రుడు నల్లనివాడని లెగ్విన్ స్పష్టంగా రాసింది. అట్ట మీద బొమ్మలు వేసినవారు మాత్రం చాలాకాలం తెల్లవాళ్లనే వేశారు, ఆమె దాని మీద చాలాసార్లు బహిరంగంగానే కోప్పడింది.

దాని తరువాత అసిమోవ్ ‘ఫౌండేషన్’ చదవండి. 1942 నుంచి ‘అస్టౌండింగ్’ పత్రికలో కథలుగా వచ్చినవాటిని కలిపి 1951లో మొదటి పుస్తకం వేశారు. సామ్రాజ్యం కూలిపోక తప్పదని, తరువాత ముప్పై వేల ఏళ్లు చీకటి యుగం వస్తుందని, దాన్ని వెయ్యేళ్లకు తగ్గించవచ్చని గణితంతో లెక్క కట్టిన ఒక శాస్త్రవేత్త కథ అది. మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకుంటూనే ఉంటారు, వర్ణన తక్కువ, మొదటి పుస్తకంలో చెప్పుకోదగ్గ స్త్రీపాత్ర ఒక్కటీ లేదు. అయినా ఆలోచన పదునైనది కనుక ఆగకుండా చదివిస్తుంది. ఆ లెక్క గుంపులకే వర్తిస్తుంది, ఒక్క మనిషికి వర్తించదు. రెండవ పుస్తకంలో ఆ సందులో నుంచే లెక్క తప్పించే ఒక్క మనిషిని అసిమోవ్ ప్రవేశపెడతాడు. తాను ఇచ్చిన సూత్రానికి తానే కట్టుబడి, దాని బలహీనతను తానే బయటపెట్టుకున్న నిజాయితీ అది.

టోల్కీన్ గురించి చెప్పకపోతే అభిమానులు ఊరుకోరు, చెబితే నా మాటలకూ ఊరుకోరు. 1937లో వచ్చిన ‘హాబిట్’తో మొదలుపెట్టండి. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను ఆయన ఒకే పుస్తకంగా రాశాడు. యుద్ధం తరువాత కాగితం ఖరీదు పెరిగి ఉండడంతో ప్రచురణకర్త దాన్ని 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వేశాడు. ఆయన వృత్తి భాషాశాస్త్రం, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. ఫిన్నిష్ భాష మీది ఇష్టంతో ఒకటి, వెల్ష్ మీది ఇష్టంతో మరొకటి ఎల్ఫ్‌లు అనే కల్పిత జాతి కోసం భాషలు కల్పించుకుని, వాటిని మాట్లాడేందుకు మనుషులు, వాళ్లకు చరిత్ర కావాలనుకుంటూ కథలోకి వచ్చాడు. అందుకే అందులో ఒక కొండ పేరు విన్నా దాని వెనుక వెయ్యేళ్ల సంగతి ఏదో ఉందనిపిస్తుంది. ముందున్న హాబిట్ల (ఆయన కల్పించిన పొట్టి మనుషుల) ఆచారాల ప్రకరణాన్ని దాటవేయండి, పాటలను మొదటిసారి చదవకపోయినా పాపం రాదు. నాకు చిరాకు కలిగించేది టోల్కీన్ కాదు, ఆయన తరువాత వచ్చిన అనుకర్తలు. మొదటి పేజీలో ఒక పటం, అందులో ఉత్తరాన మంచుకొండలు, తూర్పున దుష్టుని కోట, పలకడానికి కష్టమైన పేర్లు. ఆ పటంలోని ఊళ్లలో జనం పొద్దున లేచి ఏం తింటారో, పన్ను ఎవరికి కడతారో ఐదు వందల పేజీలు తిరగేసినా తెలియదు.

ఇంజనీరింగు విద్యార్థి కనుక మీకు లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లం’ బాగా నచ్చవచ్చు. చైనీస్ భాషలో 2006లో పత్రికలో, 2008లో పుస్తకంగా వచ్చింది. కెన్ లియు చేసిన ఇంగ్లీషు అనువాదం 2014లో వెలువడి, మరుసటి ఏడాది ఉత్తమ నవలకు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు పొందింది. అనువాద నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అందులో ఒక కంప్యూటర్ ఆటలో చక్రవర్తి ముప్పై లక్షలు కాదు, మూడు కోట్ల మంది సైనికులను మైదానంలో నిలబెడతాడు. ఒక్కొక్కరి చేతిలో ఒక నల్ల జెండా, ఒక తెల్ల జెండా. ఎదుటివాళ్లు ఏ జెండా ఎత్తారో చూసి తాను ఏది ఎత్తాలో నేర్చుకున్న ముగ్గురేసి సైనికులు ఒక్కొక్క లాజిక్ గేటు, అంటే కంప్యూటర్‌లో లెక్క తేల్చే అతి చిన్న భాగం. మీ డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాఠమంతా కవాతు చేస్తూ కనిపిస్తుంది. పాత్రలు మాత్రం చాలావరకు అట్టబొమ్మలే, ఒక్క యే వెన్‌జియేను మినహాయించాలి. చైనాలో సాంస్కృతిక విప్లవం రోజులలో తండ్రిని జనం ముందు కొట్టి చంపుతుంటే చూసిన ఆ అమ్మాయి తరువాత తీసుకున్న నిర్ణయమే నవలకు ఇరుసు.

ఆర్థర్ క్లార్క్ మనకు పొరుగువాడు. 1956 నుంచి 2008లో మరణించేవరకు శ్రీలంకలోనే ఉన్నాడు. 1979లో వచ్చిన ‘ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్’లో భూమి నుంచి అంతరిక్షంలోకి తాడు వేసి దాని మీద లిఫ్టు నడిపే ఇంజనీరు కథ చెప్పాడు. అలాంటి లిఫ్టు కింది కొస భూమధ్యరేఖ మీద ఉండాలి. శ్రీలంక అక్కడ లేదు. అందుకని ఆ ద్వీపాన్ని దక్షిణానికి జరిపి, తప్రోబేన్ అని పాత పేరు పెట్టి, జరిపానని పాఠకులకు ముందే చెప్పేశాడు. అప్పు తీసుకుంటున్నట్టు కాగితం రాసి ఇచ్చిన రచయిత ఇతనొక్కడే కనిపించాడు నాకు.

ఇక మీ స్నేహితులు తెలుగులో లేవన్న మాట. వాళ్లకు మీరు విశ్వనాథ సత్యనారాయణ ‘హాహా హూహూ’ చేతిలో పెట్టండి. మన బెజవాడలో కాపురమున్న కవి రాసిన చిన్న నవల అది. గుర్రపు తల ఉన్న గంధర్వుడొకడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడి ఉంటాడు. అక్కడివాళ్లు అతణ్ణి తీసుకుపోయి బోనులో పెడతారు. అతడు మాట్లాడేది సంస్కృతం. 1898లో వచ్చిన హెచ్.జి. వెల్స్ నవలలో అంగారకులు వచ్చి లండన్‌ను గడగడలాడించారు. విశ్వనాథ గంధర్వుడు ఎవరినీ ఏమీ చేయడు, తనను జంతువో మనిషో తేల్చుకోలేక సతమతమవుతున్న పండితులను చూసి వినోదిస్తాడు. ఒక్కటే అబద్ధం. తక్కిన లండన్ అంతా లండన్ లాగానే ప్రవర్తిస్తుంది. పరలోకవాసిని మన శాస్త్రం కొలవగలదా అన్న ప్రశ్న మీద పోలిష్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో ‘సొలారిస్’ రాస్తే లోకమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే. అదే ప్రశ్నను నవ్విస్తూ అడిగిన తెలుగు పుస్తకం మన దగ్గర ఉందని మనలోనే చాలామందికి తెలియదు. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం కూడా ఉంది.

ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే పదహారవ శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఉంది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ చెబుతాడు. ఇంకా జరగని కథ అది. చెప్పినవాడు బ్రహ్మ కనుక ఇక అది భూమి మీద జరిగి తీరాలి. కథ ముందు పుట్టి మనుషులు తరువాత పుట్టడం, ఒకే సంఘటన ఒకచోట కారణంగాను మరొకచోట ఫలితంగాను కనిపించడం, ఈనాటి కాలయాన నవలలు చదివి తల పట్టుకునేవారికి పరిచితమైన చిక్కే. పద్యకావ్యం కనుక మీకు సులభంగా లొంగదు. వచనంలో కథాసంగ్రహం ముందు చదువుకుని, తరువాత తాత్పర్యం ఉన్న ప్రతితో కూర్చోండి.

చందమామ ధారావాహికల విషయంలో నేను కొంచెం నిష్ఠురంగా మాట్లాడతాను. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లు చదివి పెరిగినవాణ్ణే నేను. ఆయన పేరు పత్రికలో పడేది కాదు, చాలా ఏళ్లు ఎవరు రాశారో మాకు తెలియదు. ప్రతి నెలా కథ ఆగిన చోట చిత్రా గారు గీసిన బొమ్మ, మొసలి మీదనో ఏనుగు మీదనో ఎక్కి వస్తున్న వింత మనుషులు, మరుసటి సంచిక వచ్చేవరకు కలలోకి వచ్చేవారు. అలాంటి వేగం, అలాంటి ఊహ ఇవాళ్టి ఇంగ్లీషు ఫాంటసీలలో కూడా అరుదు. పెద్దయ్యాక పుస్తకాలుగా మళ్లీ చదివినప్పుడు లోటు కనిపించింది. అక్కడ మాయకు వెల లేదు. మాంత్రికుడు చెయ్యి ఊపితే పని అవుతుంది, అలసట లేదు, పోగొట్టుకున్నది లేదు. ఆపద వచ్చినప్పుడల్లా గుహలో నుంచి మరొకడు వస్తాడు. పదేళ్ల పిల్లలకు అది చాలు. తెలుగులో ఆ తరువాతి మెట్టు, అంటే ఆ పిల్లలు పాతికేళ్ల వయసులో చదువుకోవలసిన నవల, దాదాపు కట్టనే లేదు. వారపత్రికల కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘యుగాంతం’ ఆ దిక్కుగా వేసిన అడుగు. ప్రపంచం ముగిసిపోతుందని తెలిసిన మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్న ప్రశ్నను ఆయన బాగా పట్టుకున్నారు, అయితే అక్కడక్కడ కథ ఆపి పాఠం చెబుతున్నట్టు ఉంటుంది. కనుక మీ స్నేహితుల మాటలో సగమే నిజం ఉంది. ఊహ మనకు ఎన్నడూ కొదవ కాలేదు, ఊహను చివరిదాకా లెక్క కట్టి చూసే ఓపిక కొరవడింది.

పుస్తకాల కోసం కొత్తవే కొనవలసిన పని లేదు. గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం మీకు దగ్గర, పాత తెలుగు పుస్తకాలకు అక్కడ ముందు అడగండి. ఇంగ్లీషువి కావాలంటే ఒక ఆదివారం బస్సెక్కి బెజవాడ వచ్చి పాత పుస్తకాల అంగళ్లు చూసుకోండి. కొనేముందు చివరి పేజీలు ఉన్నాయో లేవో తప్పకుండా చూడండి.

మీ డ్యూన్‌ను మాత్రం అమ్మేయకండి. ఎర్త్‌సీ, హాహా హూహూ అయిన తరువాత మళ్లీ తీయండి. మొదటి నుంచి కాకుండా, డ్యూక్ కుటుంబం అరాకిస్‌లో దిగిన చోట మొదలుపెట్టి తువాళ్ల ఘట్టం వరకు చదవండి, అప్పుడు వెనక్కి వచ్చి మొదటి పేజీలు చూసుకోవచ్చు. పదకోశం దగ్గర ఆ బస్సు టికెట్టు పెట్టుకుంటే మాటిమాటికీ వెతుక్కునే పని తప్పుతుంది.